అందం రొట్టె

ఇనప్పెట్టె మూత ఎత్తగానే వట్టివేళ్ల వాసన గుప్పుమంది. దాని వెనకే కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్క కలిసిన సున్నిపిండి వాసన. పెట్టె ముందు అలాగే కూర్చుండిపోయాను. పిన్ని పోయి అప్పటికి ఆరు రోజులు. పెద్దకర్మ నాడు పెట్టడానికి మంచి ఫొటో వెతికి తెమ్మని తమ్ముడు నన్ను నెల్లూరు మూలాపేట ఇంటికి పంపాడు. గదిలో ఆమె మంచం తీసేశారు, మందుల డబ్బాలు పారేశారు, నేలంతా ఫినాయిలుతో కడిగేశారు. ఆ పెట్టెను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పైన రెండు వెంకటగిరి చీరలు, మడతల మధ్య వట్టివేళ్ల కట్టలు. వాటి కింద ఇత్తడి కాటుక భరిణె, పళ్లు విరిగిన చెక్క దువ్వెన, అరచేయంత అద్దం. అడుగున ఒక గోధుమరంగు కవరు. అందులో, ట్రంకు రోడ్డులోని ఒక స్టూడియోలో ఆమె పెళ్లికి ముందు తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో. తల కొంచెం పక్కకు తిప్పి, కెమెరా వైపు సూటిగా చూస్తోంది. అప్పటి ఆడపిల్లలు ఫొటోల్లో అలా చూసేవారు కాదు. కళ్లు దించుకునేవారు, లేదంటే బెదిరిపోయి బిగుసుకుపోయేవారు.

మా పిన్ని తాను అందంగా ఉంటానని తన నోటితోనే చెప్పుకునేది. ఆ ఒక్క మాటకు ఊరు ఆమెను ఎన్ని మాటలన్నదో దగ్గరుండి చూసినదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

*

నా చదువు కోసం అమ్మ నన్ను అమ్మమ్మగారింట్లో ఉంచింది. మూలస్థానేశ్వరుడి గుడి గంట వినిపించేంత దగ్గర ఇల్లు. తెల్లవారుజామున వీధి కుళాయి దగ్గర బిందెల చప్పుడు, పాలవాడి సైకిలు గంట, కట్టెల పొయ్యి పొగ. శుక్రవారాలైతే వాటికి తోడు కుంకుడుకాయలు కొట్టే చప్పుడు. పిన్ని తలంటుకుని వచ్చి, బోర్లించిన వెదురు బుట్ట మీద జుట్టు పరిచి పడుకునేది. బుట్ట కింద సాంబ్రాణి పొగ. తడి జుట్టు, సాంబ్రాణి, పెరట్లో మరువం కలిస్తే వచ్చే ఆ వాసన ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు.

కాటుక ఇంట్లోనే చేసేది. గుంటగలగరాకు రసంలో గుడ్డ తడిపి, నీడలో ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంలో వెలిగించేది. పైన ఇత్తడి పళ్లెం బోర్లించి రాత్రంతా ఉంచితే, పొద్దున్నకు పళ్లెం నిండా మెత్తటి మసి. దాన్ని వేలితో తీసి నెయ్యితో రంగరించి భరిణెలోకి ఎత్తేది. నాకు కాటుక పెట్టేటప్పుడు నా గడ్డం పట్టుకుని, ఊపిరి బిగబట్టి పెట్టేది. ఆ ఊపిరి వదిలినప్పుడు తమలపాకు వాసన వచ్చేది.

అన్నీ అయ్యాక కిటికీ ఊచకు తగిలించిన అద్దం ముందు నిలబడేది. పైట సర్దుకుని, "ఈ రోజు చాలా బాగున్నాను" అనేది. గొంతులో గర్వం ఉండేది కాదు, సిగ్గు కూడా ఉండేది కాదు. ఎండ కాస్తోందనో, పాలు పొంగాయనో చెప్పినట్టు చెప్పేది. తరవాత నా వైపు తిరిగి "నువ్వూ చెప్పుకోవే" అనేది. నాకు నోరు పెగిలేది కాదు.

పిన్ని రంగు చామనఛాయ కంటే ఒక పాలు ఎక్కువే. వెడల్పాటి నుదురు, కాస్త పెద్ద ముక్కు, పై పెదవి మీద పుట్టుమచ్చ. జడ మాత్రం నడుము దాటి ఊగేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఓదార్పుగా "నలుపు నారాయణుడు మెచ్చు" అనేవారు. పిన్ని బిందె చంకనెత్తుకుని, "నారాయణుడి దాకా ఎందుకు వదినా, నాకు నేను నచ్చాను" అని వచ్చేసేది. వెనక గుసగుసలు మొదలయ్యేవి. తెల్లటి పిల్ల ఆ మాట అని ఉంటే పొగరు అని ఊరుకునేవాళ్లేమో. నల్లటి పిల్ల అనడం వాళ్లకు దొంగతనంలా తోచింది. తనది కాని వస్తువు ఎత్తుకుపోతున్నదాన్ని చూసినట్టు చూసేవారు.

"అందం కొరుక్కు తింటామా?" అనేది మా అమ్మ, సెలవులకు వచ్చినప్పుడల్లా. అమ్మమ్మ భయం వేరు. "అలా అనుకోకూడదే, నీ దిష్టే నీకు తగులుతుంది" అంటూ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని పిన్ని చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల కోరు రాకపోతే "చూశావా, ఎంత దిష్టో" అనేది. కూతురు అందంగా ఉందని అమ్మమ్మ ఒప్పుకున్న తీరు అదొక్కటేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

తాతయ్య దారి భారతం దారి. తిక్కనగారు పదిహేను పర్వాలు రాసిన ఊళ్లో పుట్టినందుకు సాయంత్రం అరుగు మీద భారతం చదవకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఒక రోజు పిన్నిని పిలిచి కూర్చోబెట్టి కర్ణపర్వంలోని కథ చెప్పాడు. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న ధర్మరాజు, ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుణ్ని ఎత్తిపొడుస్తాడు. ఆ మాట అన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూస్తాడు. పెద్దవాణ్ని నిందించడం చంపడంతో సమానం, అంతటితో ప్రతిజ్ఞ తీరుతుందని కృష్ణుడు దారి చెబుతాడు. నిందించాక అర్జునుడు కుమిలిపోయి తన తల తానే నరుక్కోబోతాడు. తనను తాను పొగుడుకోవడం ఆత్మహత్యతో సమానం, పొగుడుకో, చాలు అంటాడు కృష్ణుడు.

"విన్నావా అమ్మా? ఆత్మస్తుతి అంత పాపం" అన్నాడు తాతయ్య.

పిన్ని కాసేపు ఆలోచించి, "మరి పొగుడుకున్నాక అర్జునుడు బతికే ఉన్నాడు కదా నాన్నా. యుద్ధం కూడా గెలిచాడు" అంది.

తాతయ్య కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా ఆ నవ్వు దాగలేదు. ఆ తరవాత ఆయన పిన్నిని ఆ విషయంగా ఒక్క మాట కూడా అనలేదు.

*

పెళ్లిచూపులు ఎన్ని జరిగాయో లెక్క లేదు. చాపలు పరవడం, పక్కింటి నుంచి కుర్చీలు తేవడం, బొంబాయి రవ్వ వేయించే వాసన. వచ్చినవాళ్లు పిన్నిని నడవమనేవారు, పాడమనేవారు, జడ నిజమైనదా సవరమా అని ముట్టుకుని చూసేవారు. రంగు గురించి ఆమె ఎదుటే, ఆమె లేనట్టే మాట్లాడుకునేవారు. ఆడపిల్ల అందం గురించి ఆ గదిలో అందరికీ నోరుంది, ఒక్క ఆ ఆడపిల్లకు తప్ప.

ఒకసారి పెళ్లికొడుకు మేనత్త, "పిల్ల కళగానే ఉంది గానీ రంగు తక్కువ" అంది. పిన్ని తలెత్తి, "రంగు ఇంతేనండీ. అందంగానే ఉంటాను. రోజూ చూసుకుంటూనే ఉన్నాను" అంది. ఉప్మా తింటున్నవాళ్లు ప్లేట్లు కింద పెట్టేశారు. ఆ సంబంధం పోయింది. వాళ్లు ఊరంతా చెప్పడంతో ఇంకో రెండు పోయాయి.

చివరికి కుదిరింది కందుకూరు సంబంధం. అప్పట్లో కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉండేది. వాళ్లు కూడా అదే ప్రశ్న వేశారు, పిన్ని అదే జవాబు చెప్పింది. అమ్మమ్మ గుమ్మం వెనక నోట్లో చెంగు కుక్కుకుంది. అప్పటిదాకా నోరు విప్పని పెళ్లికొడుకు, "అమ్మాయికి తెలిసిన సంగతి మళ్లీ మనం చెప్పడం ఎందుకమ్మా" అని నవ్వాడు. ఆయనే మా బాబాయి. పిన్నికి పెళ్లి ఆలస్యమైందని అందరూ అంటారు. ఆ నవ్వు వచ్చేదాకా ఆగింది, అంతే.

*

ఆ పెళ్లికి రెండు మూడేళ్ల ముందు సంగతి. మొహర్రం రోజులు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. ఇప్పుడు లక్షల మంది వస్తున్నారు, రాష్ట్రాలు దాటి వస్తున్నారు. అప్పుడు మాకు అది మా ఊరి పండగ. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఆ రొట్టె అందుకుని తింటారు. వాళ్ల కోరిక తీరితే మళ్లీ ఏడు వాళ్లు రొట్టె పట్టుకుని వస్తారు. ఏ మతంవాళ్లని ఎవరూ అడగరు. అమ్మమ్మ ప్రతి ఏడూ వెళ్లేది.

ఆ రోజు పిన్ని తెల్లవారుజామునే లేచి బెల్లం వేసి రొట్టెలు కాల్చింది. గుడ్డలో కట్టుకుని అందరం నడిచి వెళ్లాం. చెరువులో మోకాళ్ల లోతు నీళ్లు, తడిసిన చీర కుచ్చెళ్లు, కొబ్బరికాయల వాసన, అగరుబత్తుల పొగ. "చదువు రొట్టె! చదువు రొట్టె!" "సంతానం రొట్టె ఎవరి దగ్గరుంది తల్లీ?" "ఆరోగ్యం రొట్టె ఇటు!" అన్న కేకలు. నేను చదువు రొట్టె తిన్నాను. అమ్మమ్మ పిన్నికి పెళ్లి రొట్టె వెతుకుతోంది.

పిన్ని నీళ్లలో నాలుగడుగులు ముందుకు వెళ్లి, రొట్టె పైకెత్తి పట్టుకుని, "అందం రొట్టె! అందం రొట్టె!" అని పిలిచింది.

చుట్టుపక్కల కేకలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. అడుగుతోందని మొదట అనుకున్నారు. ఇస్తోందని అర్థమయ్యాక మొదలైంది. "ఇదేం పోయేకాలం!" అంది ఒకావిడ. "తన మొహానికి అందం మిగిలిపోయి పంచుతోంది" అంది ఇంకొకావిడ. గట్టు మీద కుర్రవాళ్లు ఈలలు వేశారు. అమ్మమ్మ పిన్ని రెక్క పట్టుకుని లాగుతోంది. పిన్ని కదలలేదు. చేయి దించలేదు. ఆ చేయి వణకడం నేను చూశాను. ఆమెకూ భయం వేసేదని నాకు తెలిసిన రోజు అదే.

అప్పుడు జనంలోంచి పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల వచ్చింది. మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. వాళ్లమ్మ వెనక నుంచి లాగుతోంది. ఆ పిల్ల విడిపించుకుని వచ్చి పైట చాపింది. "తింటే వస్తుందా అక్కా?" అని అడిగింది.

పిన్ని రొట్టెను రెండు ముక్కలు చేసింది. ఒకటి ఆ పిల్ల పైటలో వేసింది, రెండోది తన నోట్లో పెట్టుకుంది. ఇద్దరూ నీళ్లలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మర్నాటి నుంచి వీధిలో పిన్ని పేరు పోయింది. పిల్లలు కూడా "అందం రొట్టె వస్తోంది, అందం రొట్టె వస్తోంది" అని అరిచేవారు.

*

పిన్ని అప్పటికే పంతులమ్మ. పెన్న వంతెన దాటి కోవూరు వైపు ఒక బడికి బస్సులో వెళ్లి వచ్చేది. వేసవిలో ఏట్లో నీళ్లు సన్నగా, ఇసుక తెల్లగా ఉండేది. బస్సు వంతెన మీదికి రాగానే వీచే గాలి కోసం కిటికీ పక్కన కూర్చునేదానినని చెప్పేది.

ఆ ఏడు పురమందిరంలో సత్యభామ వేషం కట్టారు. కట్టింది పిన్ని బడిలో పనిచేసే మాస్టారు. మమ్మల్ని పిన్నే తీసుకెళ్లింది. తెర వెనక నుంచి ముందుగా జడ వచ్చి తెర మీద పడింది. కూచిపూడి భామాకలాపంలో అది సత్యభామ సవాలు. తనకు సాటి వచ్చేవాళ్లెవరైనా ఉంటే రమ్మని. ఆ తరవాత మాస్టారు తెర దాటి వచ్చి, తన రూపం ఎంతటిదో, తన సొగసుకు లోకం ఎలా దాసోహమంటుందో తిప్పి తిప్పి చెప్పుకుంటూ ఆడారు. జనం ఊగిపోయారు. వన్స్‌మోర్‌ల మీద వన్స్‌మోర్‌లు. బడి కమిటీ పెద్దమనిషి ఒకాయన వేదికెక్కి దండ వేశారు. పిన్ని కూడా చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టింది. మాస్టారు నిజంగానే గొప్పగా ఆడారు.

ఆ తరవాత కొన్ని వారాలకు పిన్ని తన క్లాసు ఆడపిల్లలకు 'నేను' అని వ్యాసం రాయమని ఇచ్చింది. రాత్రి దీపం ముందు దిద్దుతూ నాకు చదివి వినిపించింది. "నేను నల్లగా ఉంటాను కాని బాగా చదువుతాను." "నాకు ఎత్తు పళ్లు కాని ముగ్గులు వేస్తాను." ఒకదాని తరవాత ఒకటి. పిన్ని ఎర్రసిరా కలం పట్టుకుని ఆ 'కాని' అన్న చోటల్లా ఆగిపోయింది. సున్నా చుట్టలేక, వదిలేయలేక చాలాసేపు కూర్చుంది.

మర్నాడు క్లాసులో, ప్రతి పిల్లా లేచి తనలో అందమైనదేదో ఒకటి చెప్పాలంది. ముందు తనే చెప్పింది. "నేను అందంగా ఉంటాను. నా కళ్లు బాగుంటాయి, నా నల్లటి రంగు బాగుంటుంది." ఆ తరవాత ఒక పిల్ల "నా చేతులు బాగుంటాయి" అందట. ఇంకొకతె "నా నడక" అందట. చివరి బెంచీ పిల్ల ఏడ్చి, ఏడ్చాక "నా గొంతు" అందట. ఆ సాయంత్రం బస్సు దిగి వస్తున్న పిన్ని మొహం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

మూడో రోజు ఒక పిల్ల తండ్రి బడికి వచ్చాడు. వారం తిరిగేసరికి ఆకాశరామన్న ఉత్తరాలు మొదలయ్యాయి. బడికి, విద్యాశాఖ ఆఫీసుకు, తాతయ్యకు కూడా. ఒక ఉత్తరం తాతయ్య చదివి, చింపి, చేతులు కడుక్కుని వచ్చాడు. బడి ప్రహరీ మీద బొగ్గుతో 'అందం రొట్టె టీచరు' అని రాశారు. దాని కింద రాసినవి నేను ఇక్కడ రాయలేను. బస్సులో ఆమె పక్కన కూర్చోవడానికి ఆడవాళ్లు వెనకాడారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. రాళ్లు విసిరిన వాళ్లు మగవాళ్లే అనుకుంటే అబద్ధమవుతుంది. ఎక్కువ గాయపరిచిన మాటలు ఆడవాళ్లవే. ఏళ్ల తరబడి నోరు నొక్కుకుని బతికినవాళ్లకు, నొక్కుకోని నోరు కనబడితే ఒళ్లు మండుతుంది. అది ఇప్పుడు అర్థమవుతోంది గానీ, క్షమించడానికి నాకు ఇంకా మనసు రావడం లేదు.

హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టి విచారించారు. సత్యభామకు దండ వేసిన పెద్దమనిషే అక్కడ ముందు కుర్చీలో ఉన్నాడు. "ఆడపిల్లలకు నేర్పేది ఇదా? రేపు వీళ్లు ఎవరి మాట వింటారు?" అన్నాడట. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారు. కాగితం ముందు పెట్టారు.

"ఏమని రాయమంటారండీ? నేను అందంగా లేనని రాయమంటారా?" అని అడిగింది పిన్ని.

ఎవరూ జవాబు చెప్పలేదట. కాగితం తెల్లగానే ఉండిపోయింది. రెండు నెలలకు బదిలీ కాగితం వచ్చింది, ఉదయగిరి వైపు మెట్టప్రాంతానికి.

*

పెళ్లయ్యాక కూడా పిన్ని ఆ మెట్టలోనే ఉద్యోగం చేసింది. బాబాయి ఆదివారాలు బస్సులు మారి వచ్చేవాడు. ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, బావి గిలక చప్పుడు, పెసర కాయలు ఒలిచే చేతులు. జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రిబడులు నడుస్తున్న కాలంలో నేను పది రోజులు ఆ ఊళ్లో ఉన్నాను. కూలి పనికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చి, పెట్రోమాక్స్ దీపం ముందు మార్కాపురం పలకలు పట్టుకుని కూర్చునేవారు. బలపం ఎలా పట్టుకోవాలో తెలియక నాగటి మేడిలా గుప్పిట పట్టేవారు. ఎవరి పేరు వాళ్లు రాసుకోవడం వచ్చిన రోజు, పిన్ని తన అరచేతి అద్దం తీసి వరసగా అందరి చేతికీ ఇచ్చింది.

"మీ పేరు చూసుకున్నారు. మీ మొహం కూడా చూసుకోండి."

కొందరు నవ్వి పక్కవాళ్లకు ఇచ్చేశారు. ఒకామె మాత్రం చాలాసేపు చూసుకుంది. "బొట్టు పెట్టుకోడానికి నుదురు చూసుకుంటాను పంతులమ్మా, మొహమెప్పుడూ చూళ్లేదు" అంది. ఇంకొకామె, "నువ్వు బాగున్నావని ఎవరన్నా అంటే మా ఇంటాయన నన్నే తంతాడు" అంది. ఎవరో అన్నా దెబ్బలు ఆమెకే. పెట్రోమాక్స్ బుస్సుమంటోంది. పిన్ని ఆమె పక్కన కూర్చుని, "ఎవరూ అనరు. నువ్వే అనుకో. మెల్లగా అనుకో" అంది. ఆమె అద్దం దగ్గరికి తెచ్చుకుని పెదవులు కదిపింది. ఏమన్నదో మాకెవరికీ వినబడలేదు.

1992లో మా జిల్లాలోనే ఉన్న దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కబురు మెట్ట ఊళ్లన్నింటికీ పాకింది. పిన్ని పనిచేసే ఊళ్లోనూ ఆడవాళ్లు కొట్టు ముందు బైఠాయించారు. ఆ రోజుల్లో పిన్ని నాకు రాసిన ఇన్‌లాండు ఉత్తరం ఒకటి చాలా ఏళ్లు దాచుకున్నాను. తాగి వచ్చిన ఒకడు, రాత్రిబడిలో అద్దం చూసుకున్న ఆమెను, "నీ మొహం ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?" అని తిట్టాడట. ఆమె లేచి నిలబడి, "చూసుకున్నాను. పంతులమ్మ అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది" అందట. కూర్చున్నవాళ్లంతా పగలబడి నవ్వితే వాడు వెనక్కి చూడకుండా పోయాడట. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఉత్తరం చివర పిన్ని గీసిన గీత నాకు గుర్తుంది. 'బాగానే ఉంది' కింద రెండు గీతలు.

*

నేను తెలుగు చదువుకుంటున్న రోజుల్లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' చేతికి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. కావ్యం మొదట్లోనే తన గురించి తనే చెప్పుకుంటుంది, నిండు చందమామ లాంటి మొహమనీ, దానికి తగిన మాటనేర్పనీ. మగకవులు తమ గొప్పలు చెప్పుకుంటే మనవాళ్లు తల ఊపారు. ఈమెను మాత్రం కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఘాటుగా తప్పుపట్టారు. ఆయన అభ్యంతరం శృంగారం మీద, ఆమె వేశ్య కావడం మీద. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ పుస్తకాన్ని పూర్తిగా అచ్చువేయించి, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు లేదా అని నిలదీసింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం పంతులుగారు, మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు). 1952లో పుస్తకం మళ్లీ అచ్చయింది.

పిన్నికి ఇదంతా చెప్పాను. బియ్యంలో రాళ్లేరుతూ వింది. "నాగరత్నమ్మ ఎంత ధైర్యస్తురాలే" అంది. తరవాత, "ప్రకాశంగారు మా ఒంగోలు వైపు ఆయనే కదా" అని సంబరపడింది. అప్పటికి ఆమె కందుకూరు కోడలు మరి. కాసేపాగి చేట కింద పెట్టి, "పళని కూడా ముందు తనే చెప్పేసుకుందా? ఎవరో చెబుతారని కూర్చోలేదన్నమాట" అంది. ఆ సాయంత్రం రెండుసార్లు ఆ పేరు పలికి చూసుకుంది. ముద్దుపళని, ముద్దుపళని అని.

2012లో మా అమ్మాయి కంప్యూటర్లో ఒక గొడవ చూపించింది. సమంతా బ్రిక్ అని ఫ్రాన్సులో ఉండే బ్రిటిష్ రచయిత్రి. అందంగా ఉన్నందుకు తనను ఆడవాళ్లు ద్వేషిస్తారని ఇంగ్లండులోని డైలీ మెయిల్ పత్రికలో రాసింది. విమానంలో కెప్టెన్ తనకు షాంపేన్ సీసా పంపాడని కూడా రాసింది. ఇక ప్రపంచం మీద పడి వేలకొద్దీ జనం ఆమెను తిట్టారు. నీకు అందం ఎక్కడుందని, అద్దం చూసుకోమని. అమ్మాయి ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే నాకు బడి ప్రహరీ మీది బొగ్గురాతలు గుర్తొచ్చాయి.

పిన్ని కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటో దగ్గరగా చూసింది. "బాగానే ఉంది కదే అమ్మాయి. దీనికి ఇంత గోల ఎందుకు?" అంది. తరవాత, "ఆడవాళ్లంతా తనను చూసి ఏడుస్తారని అనడం మాత్రం తప్పు. ఆ మాట నేను ఒప్పుకోను. తను అందంగా ఉన్నానంటే ఒప్పుకుంటాను" అంది. బాబాయి పడక్కుర్చీలోంచి "నీ తరవాతే" అన్నాడు. ముగ్గురం నవ్వాం. బాబాయి పోయింది ఆ మరుసటి ఏడు.

*

చివరి ఏడాది పిన్ని జుట్టంతా రాలిపోయింది. నడుము దాటిన జడ. నేను అద్దం దాచేద్దామనుకున్నాను. ఆమె పొద్దున్నే చేయి చాపి అడిగేది. "ఎలా ఉన్నాను" అని ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు, అప్పుడూ అడగలేదు. అద్దం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసుకునేది. కొన్ని రోజులు ఏమీ అనేది కాదు. అలాంటి రోజుల్లో అద్దం నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక రోజు మాత్రం చాలాసేపు చూసుకుని, "కళ్లు బాగున్నాయి" అంది.

ఫొటో పట్టుకుని ట్రంకు రోడ్డుకు వెళ్లాను. పాత స్టూడియో లేదు. ఆ పక్కన కంప్యూటర్లు పెట్టుకున్న కుర్రవాడు పాత ఫొటోలకు రంగులు వేసి పెద్దవి చేసి ఇస్తాడని చెప్పారు. ఫొటో యంత్రంలో పెట్టాడు. చూస్తుండగానే తెర మీద పిన్ని చీరకు ఆకుపచ్చ వచ్చింది, పువ్వులకు కనకాంబరం రంగు వచ్చింది, మొహం గులాబీ రంగు కలిసిన తెలుపైపోయింది. ఎవరో సినిమా మనిషిలా ఉంది.

"ఎంత బాగా వచ్చారో చూడండమ్మా" అన్నాడు.

"రంగు తగ్గించు బాబూ. అంత తెలుపు కాదు."

కొంచెం తగ్గించాడు.

"ఇంకా."

తగ్గించి, నా వైపు చూశాడు. పుట్టుమచ్చ కనబడడం మొదలైంది. ముక్కు పక్క నీడ తిరిగి వచ్చింది.

"ఇంకా తగ్గించు."

"ఇంత నలుపా అమ్మా? దండ వేస్తే మొహం తెలియదేమో."

"తెలుస్తుంది" అన్నాను. "ఇంకొంచెం."